ఐగుప్తు ఉల్లిగడ్డలు, మన జొన్న గట్క



సూర్యాపేట మీదుగా హైదరాబాదు–విజయవాడ రహదారిలో ప్రయాణం చేసేవారు ఒక మార్పు గమనించే ఉంటారు. ఒకప్పుడు ఆ దారి వెంట టిఫిన్లు, భోజనం దొరికే హోటళ్లే ఉండేవి. ఇప్పుడు నడుమ నడుమ ‘అరేబియన్ మండి’ అని పెద్ద బోర్డులు కనబడుతున్నాయి. నలుగురు కింద పరుపుల మీద కూర్చొని ఒక్కటే పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం తింటారు. మన ఊళ్ల యువకులు పుట్టినరోజు వస్తే అక్కడికే పోదామంటారు. ఆ తిండి ఎక్కడిది, ఆత్మకూరుకు ఇంత దగ్గరకు ఎట్లా నడిచి వచ్చింది అని మేము విచారించాము. విచారిస్తే అది ఒక వంటకం కథ కాదు, ఇల్లు విడిచిన మనుషుల కథ అని తెలిసింది. ఆ కథ పట్టుకొని పోతే చివరకు సంఖ్యాకాండము 11వ అధ్యాయం దగ్గర తేలాము.

మండి పుట్టినిల్లు యెమెన్ దేశంలోని హద్రమౌత్ అనే ప్రాంతం. ఎండిన కొండలు, ఇసుక, మధ్యలో లోతైన లోయ. అక్కడ బతుకుతెరువు లేక మగవారు ఓడలెక్కి బయటి దేశాలకు పోయేవారు. 18, 19 శతాబ్దాలలో వారిలో చాలామంది నిజాం రాజ్యానికి సిపాయిలుగా వచ్చారు. హైదరాబాదులో వారు దిగిన సైనిక బస పేరు ఇంగ్లీషులో బ్యారక్స్. అది అరబ్బుల నోట, మన నోట తిరిగి తిరిగి ‘బార్కస్’ అయింది. ఈనాటికీ అక్కడ హద్రమౌత్ నుండి వచ్చినవారి వంశస్థులు ఉన్నారు. వారు కట్టే లుంగీ, వారు వండే హరీస్, మండి ఆ ఊరి నుండి వచ్చినవే.

గోధుమను, మాంసాన్ని గంటల తరబడి ఉడికించి, ముద్దయ్యేదాకా మెదిపి చేసేది హరీస్. ఇది చాలా పాత వంట. 10వ శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ రాసిన వంటల గ్రంథంలోనే ఉంది. హైదరాబాదుకు వచ్చాక దానిలో మన మసాలాలు, నెయ్యి, పప్పులు చేరి హలీం అయింది. ఆ హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటి మీద బెంగతో సిపాయిలు వండుకున్న గంజి ఇవాళ రంజాను నెలలో కులమతాలు లేకుండా అందరూ వరుసలో నిలబడి కొనుక్కునే తిండి.

అయితే ఆ సిపాయిలను తలుచుకొని మన తాతముత్తాతలు నోరూరించుకోలేదు. 19వ శతాబ్దం మొదటి సగంలో అరబ్బు జమేదార్లు నిజాం రాజ్యంలో అప్పులిచ్చేవారు, అప్పు రాకపోతే జాగీర్లు పట్టుకొని పన్ను తామే వసూలు చేసేవారు. దివాను, అధికారులు కూడా వారికి బాకీ పడి ఉండేవారు. 1853లో సాలార్‌జంగు దివాను అయిన తరువాత చేసిన మొదటి పనులలో ఒకటి వారి పట్టు సడలించడం. జమేదారుగా పనిచేసి సంపాదించిన ఉమర్ బిన్ అవద్ అల్ కువైతీ వంశం హద్రమౌత్‌లో ఏకంగా ఒక సుల్తాను రాజ్యమే స్థాపించింది. మన పల్లెల పన్ను ఎంత దూరం పోయిందో చూడండి! 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఆ అరబ్బులలో చాలామందిని నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపించివేశారు. మిగిలినవారు మిగిలారు, వారి తిండి మిగిలింది.

మండి మన దాకా రావడానికి రెండో దారి కూడా ఉంది. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు దేశాలు భవనాలు, రోడ్లు కట్టడం మొదలుపెట్టాక తెలంగాణ నుండి మన వారు కూలికి పోయారు. కరీంనగర్, నిజామాబాదు నుండి పోయినంతమంది మన వైపు నుండి పోలేదు గాని, మన సంఘాలలోనూ దుబాయి, సౌదీ, కువైటు చూసి వచ్చినవారు ఉన్నారు. పోయేటప్పుడు అమ్మ చేతి మామిడికాయ తొక్కు ప్లాస్టిక్ డబ్బాలో పోసి, నూనె కారకుండా మూతికి టేపు చుట్టి, బట్టల మధ్య పెట్టుకొని పోయారు. అక్కడ ఉన్నన్నాళ్లు తొక్కు మీద ప్రాణం. వచ్చిన తరువాత ప్రాణం దేని మీద? కుబ్బూసు మీద.

కుబ్బూసు అంటే అక్కడి రొట్టె. మా సంఘంలో సౌదీలో చాలా ఏళ్లు తాపీపని చేసి వచ్చిన ఒక సహోదరుడు ఉన్నాడు. తెల్లవారుజామున బేకరీ ముందు నిలబడి వేడి వేడి కుబ్బూసు కాగితంలో చుట్టించుకొని, రాత్రి మిగిలిన పప్పుతో తిని పనికి పోయేవాడట. “అయ్యగారూ, ఆ రొట్టె వాసన ఇప్పటికీ ముక్కుల ఉన్నది” అంటాడు. అదే సహోదరుడు మరోసారి చెప్పిన సంగతి: ఆ సంవత్సరాలన్నీ పాసుపోర్టు అతని చేతిలో లేదు. తండ్రి చనిపోతే రాలేకపోయాడు. ఒక గదిలో పన్నెండుమంది పడుకునేవారు. రెండు సంగతులూ ఒకే మనిషి ఒకే గొంతుతో చెప్పాడు. రొట్టె సంగతి చెప్పేటప్పుడు ముఖం వెలిగింది. పాసుపోర్టు సంగతి చెప్పేటప్పుడు చూపు నేల మీదికి పోయింది.

నాలుక గుర్తు పెట్టుకునేది ఒకటి, వీపు గుర్తు పెట్టుకునేది ఇంకొకటి. ఈ మాట మనసులో పెట్టుకొని ఇప్పుడు అరణ్యంలోకి వెళదాము.

సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఏడ్చారు. మాంసం కావాలని ఏడ్చారు. ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు పేరు పేరునా తలచుకున్నారు. మనం ఈ వాక్యం చదివి వెంటనే ‘సణుగుడు ప్రజలు’ అని తీర్పు తీరుస్తాము. మేము కూడా ప్రసంగాలలో ఆ మాటే ఎక్కువగా విన్నాము. కాని ఆ జాబితాను ఒకసారి నిదానంగా చూడండి. అందులో రాజు భోజనం ఏమీ లేదు. క్రొవ్విన దూడ లేదు, ద్రాక్షారసం లేదు, తేనె లేదు. ఏటి చేప, దోసకాయ, ఉల్లి, ఎల్లి. ఇది కూలివాని సద్దిమూట. మన పొలంలో నాటువేసేవారు గట్టు మీద విప్పుకునే మూట లాంటిదే. దోసకాయ, కీరకాయ నీళ్లు ఉన్న చోట మాత్రమే కాస్తాయి. ఎండలో, నీళ్లు లేని చోట నడిచే మనిషికి అవే గుర్తుకు రావడంలో ఆశ్చర్యమేమున్నది?

ఐగుప్తు చరిత్ర కూడా ఈ జాబితాకు సాక్ష్యం చెబుతుంది. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఐగుప్తు చూసి వచ్చి రాశాడు. పెద్ద పిరమిడ్ కట్టిన పనివారికి ముల్లంగి, ఉల్లి, ఎల్లి కోసం 1,600 తలాంతుల వెండి ఖర్చయిందని అక్కడి శాసనంలో ఉన్నట్టు తనకు చదివి చెప్పారట. దుబాసీ చెప్పిన లెక్క నిజమా కాదా అన్నది వేరే సంగతి. పనివాని తిండి అనగానే ఉల్లి, ఎల్లి జ్ఞాపకం రావడం మాత్రం ఆ దేశంలో సహజమే.

దీనికంటే గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది. ఫరోల సమాధులు చెక్కే పనివారు దేర్ ఎల్ మెదీనా అనే ఊరిలో నివసించేవారు. వారు బానిసలు కారు, పని నేర్చిన శిల్పులు. వారికి జీతం డబ్బు రూపంలో లేదు. గోధుమ, యవలు, చేపలు, కూరగాయలు, ఇవే జీతం. మూడవ రామెసేసు ఏలుబడి 29వ సంవత్సరంలో, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, ఆ జీతం సమయానికి రాలేదు. పనివారు పనిముట్లు కింద పెట్టి వచ్చి ఆలయాల దగ్గర కూర్చున్నారు. మాకు ఆకలి, దప్పి, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు అని అధికారులతో మొరపెట్టుకున్నారు. ఇదంతా అప్పటి లేఖకుడు రాసిపెట్టిన పత్రం ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఉంది. లోకంలో మనకు రాతపూర్వకంగా తెలిసిన మొదటి సమ్మె ఇదే అని చరిత్రకారులు అంటారు.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. ఐగుప్తులో చేప, కూర ఊరికే వచ్చేవి కావు, అవి కూలి. పని నేర్చిన స్వతంత్రుల సంగతే అట్లా ఉంటే, ఇటుకలు చేసే దాసుల సంగతి చెప్పాలా? ఇశ్రాయేలీయులు మాత్రం అరణ్యంలో, ఆ చేపలు తాము ఉచితంగా తిన్నామని అన్నారు. ఈ అధ్యాయమంతటిలో మమ్ములను ఆపేది ఆ ఒక్క మాట. నిర్గమకాండము 5వ అధ్యాయంలో గడ్డి ఇవ్వకుండానే ఇటుకల లెక్క తగ్గకూడదని కొట్టారు. కొడుకులను నదిలో పడవేయమని ఆజ్ఞ ఇచ్చిన దేశం అది. ఆ నది చేపలే ఇప్పుడు రుచిగా గుర్తుకొచ్చాయి. ఉల్లిగడ్డ రుచిగా ఉన్నది నిజమే, అందులో వారు అబద్ధం ఆడలేదు. ఉచితం అన్నదే అబద్ధం.

ఈ సంగతి మన తెలుగువారికి ఎక్కడో దూరపు కథ కాదు. 1860 నవంబరు 16న ‘ట్రురో’ అనే ఓడ మద్రాసు నుండి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. చెరకు తోటలలో కూలి చేయడానికి ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లినవారు. 1911 వరకు ఇట్లా నాటాల్ రాష్ట్రానికి లక్షన్నర మందికి పైగా వెళ్లారు. వారిలో తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఎంతోమంది. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికి ఒక షిల్లింగు పెంపు. తిండి, గుడిసె యజమాని ఇవ్వాలి. తిండి అంటే బియ్యం, పప్పు, ఉప్పు, నూనె లేక నెయ్యి, ఎండుచేప, అన్నీ తూచి ఇచ్చేవి. అక్కడ బియ్యం పండదు, ఓడ మీద రావాలి. అందుకని చాలాచోట్ల బియ్యానికి బదులు అక్కడ పండే మక్కలు ఇచ్చేవారు. మక్కలను పలుకులుగా విరగదంచి అన్నంలాగా వండుకునేవారు. మన తెలంగాణలో దీనికి పేరు చెప్పనక్కరలేదు. అదే మక్క గట్క!

కోస్తా జిల్లాల వారికి అన్నం లేక ఆ గట్క గొంతు దిగలేదు. దిగకపోయినా దింపుకున్నారు. వారి మనుమలకు, మునిమనుమలకు వచ్చేసరికి అదే ఇంటి తిండి అయింది. ఇవాళ దక్షిణాఫ్రికా భారతీయులు విదేశాలకు పోతే ఆ మక్క నూకల అన్నాన్ని, అక్కడి జూలూలు తినే మడుంబి అనే చేమదుంపను తలచుకొని బెంగపడతారు. శిక్షలాగా వచ్చిన తిండి రెండు తరాలలో ప్రేమగా మారింది.

ఆ తోటలకు ఒక తెలుగు కాపరి కూడా వెళ్లాడు. 1903లో నెల్లూరు నుండి, తెలుగు బాప్తిస్టులు తమ కానుకలతో పంపగా, జాన్ రంగయ్యగారు నాటాల్ చేరారు. కియర్స్నీ అనే తేయాకు తోటలో పనిచేసే తెలుగువారి మధ్య సంఘం కట్టారు. 1915లో చనిపోయేవరకు వారి మధ్యనే ఉన్నారు. తెలుగు సంఘం మిషనరీని స్వీకరించడమే కాదు, పంపించింది కూడా అని మన పిల్లలకు చెప్పవలసిన పేరు ఇది. ఆయన వెళ్లింది మంచి నౌకరీ చేసేవారి దగ్గరికి కాదు, తూచి ఇచ్చిన తిండి తినేవారి దగ్గరికి.

తరువాత జరిగినది ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడి తెల్లవారి ప్రభుత్వం భారతీయులను వెనుకకు పంపాలని చూసింది. 1927 కేప్‌టౌన్ ఒప్పందం ప్రకారం తిరిగి పోయే పెద్దవారికి తలకు 20 పౌండ్లు, ఓడ చార్జీ ఇచ్చారు. వేలమంది మద్రాసులో దిగారు. ఎందరో ఇక్కడ ఇమడలేకపోయారు. డబ్బు బంధువుల చేతుల్లో, దళారుల చేతుల్లో పోయింది. కులం తప్పారని ఊరు చేర్చుకోలేదు. అక్కడ పుట్టిన పిల్లలకు ఇక్కడి ఎండ, నీరు, తిండి ఏదీ పడలేదు. భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది అనే ఇద్దరు వారి స్థితిని విచారించి 1931లో నివేదిక ప్రకటించారు. కలకత్తాలోని మటియాబుర్జులో కూడా గయానా, ఫిజీ వంటి చోట్ల నుండి తిరిగివచ్చినవారు గుంపులుగా పడి ఉండి, మమ్ములను మళ్లీ ఆ దేశాలకే పంపండని వేడుకున్నారు. మళ్లీ ఆ తోటలకే! వారిని పిచ్చివారని అందామా? అక్కడ కొరడా ఉంది, కాని వండుకున్న కుండ కూడా అక్కడే ఉంది. ఇక్కడ కుండ కూడా లేదు. మోషే మీద సణిగినవారిని అర్థం చేసుకోవాలంటే ఆ మటియాబుర్జు బురదలో కాసేపు నిలబడాలి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. ఆత్మకూరు, నెమ్మికల్, పాతర్లపహాడ్, ఏపూరు, ఏ ఊరికి పోయినా డెబ్బై దాటిన పెద్దవారు ఒక మాట అంటారు. “ఆనాటి తిండి తిండి. జొన్న గట్క, అంబలి, పచ్చిపులుసు. గట్టి శరీరాలు. ఇప్పుడు ఈ అన్నం తిని షుగరు, బీపీ.” ఆ మాటలో కొంత నిజం ఉంది. జొన్న, సజ్జ, కొర్ర బలమైనవే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. హైదరాబాదు పెద్ద హోటళ్లలో ఇప్పుడు జొన్న రొట్టెకు వెల పెరిగింది, అంబలి గాజు గ్లాసులలో పోస్తున్నారు.

కాని ఆనాటి గట్క ఎవరి ఇంటిది? మన పాత నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా ఈ సూర్యాపేట తాలూకాలో, భూమి ఎక్కువగా దేశ్‌ముఖుల చేతిలో ఉండేది. ఇక్కడికి దగ్గరలోని ఎర్రపహాడ్ గడి పేరు చెబితే పెద్దవారు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. ప్రతి కులమూ గడికి వెట్టి చేయాలి. మన వాడలవారు దొర పొలం దున్నిన తరువాతే తమ పొలం చూసుకోవాలి, ఉత్తరం మోయాలి, కట్టెలు కొట్టాలి. అప్పు తీర్చలేనివాడు జీతగాడుగా ఉండాలి. ఆ ‘భగేలా’ పద్ధతి మీద నిజాం ప్రభుత్వమే 1936లో ఒక చట్టం తెచ్చింది. కాగితం మీద వచ్చింది గాని పల్లెకు రాలేదు. దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గాని రాలేదు. 1946 నుండి 1951 వరకు ఈ నేల మీద జరిగిన సాయుధ పోరాటం దేనికోసం మొదలయిందో మనకు వేరే చెప్పనక్కరలేదు. వెట్టి, బేదఖలీ, లెవీ ధాన్యం.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉన్నది. చిన్నప్పుడు తల్లితో పాటు దొర ఇంటికి పనికి పోయేదట. మేము ఆమెను అడిగాము, “పెద్దమ్మా, ఆనాటి అంబలి అంత రుచా?” “అవు బిడ్డా, మస్తు రుచి” అన్నది. కాసేపు ఆగి, “పైనుంచి పోసేటోళ్లు. దోసిట్ల పట్టుకునేటోళ్లం. గిన్నెకు గిన్నె తగలొద్దని” అన్నది. తరువాత నవ్వింది. ఆ నవ్వు మాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. రుచి నిజమే. ఆకలి మీద ఉన్న పిల్లకు దోసిట్లో పడిన చల్లటి అంబలి రుచి ఎట్లా మరుపుకొస్తుంది? పోసిన చెయ్యి ఎంత ఎత్తున ఉన్నదో కూడా మరుపు రాలేదు. ఆమె ఐగుప్తును గుర్తు పెట్టుకున్నది, ఉచితం అనలేదు.

ఇంకొక సంగతి మేము గమనించాము. గట్క గొప్ప చెప్పేవారిలో మగవారే ఎక్కువ. ఆడవారు తక్కువగా చెబుతారు. ఎందుకంటే జొన్నలు గట్కగా మారడానికి మధ్యలో ఒక ఇసుర్రాయి ఉంది. కోడి కూయక ముందే లేచి ఇసరాలి. ఇసిరి, చెరిగి, వండిపెట్టి, తిరిగి పొద్దు పొడిచేసరికి కూలికి పోవాలి. చేతుల బొబ్బలు వారివి, రుచి మాత్రం అందరిది. బియ్యం పండుగనాడు మాత్రమే వండేవారు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు ఎడమకాలువలో పారి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పండినప్పుడు, ఊరూరా రైసుమిల్లులు వచ్చినప్పుడు, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చినప్పుడు మొట్టమొదట ఊపిరి పీల్చుకున్నది ఆ ఇసుర్రాయి ముందు కూర్చున్నవారే. సాగరు నీళ్లు మన ఆత్మకూరు మిట్టకు రాలేదు, మనకు శ్రీరాంసాగర్ కాలువ చాలా ఆలస్యంగా వచ్చింది. కాని బియ్యం మాత్రం బండ్ల మీద వచ్చింది. కాబట్టి ఎవరైనా మామగారు ఇంట్లో ‘జొన్న రొట్టె చేయరాదా’ అని కోరుకుంటే తప్పులేదు. పిండి మరలో పట్టించుకొని రండి. చేతనైతే ఒక రొట్టె మీరే కాల్చండి.

ఇక్కడ దావీదు సంగతి గుర్తుకు వస్తుంది. రెండవ సమూయేలు 23వ అధ్యాయం. దావీదు గుహలో దాగి ఉన్నాడు. సొంత ఊరు బేత్లెహేము ఫిలిష్తీయుల చేతిలో ఉంది. ఆ ఊరి గవిని దగ్గర ఉన్న బావి నీళ్లు ఎవరైనా తెచ్చి ఇస్తే ఎంత బాగుండునని ఆశపడ్డాడు. గుహ దగ్గర నీళ్లు లేకనా? ఉండే ఉంటాయి. దాహం కాదు అది, చిన్ననాటి బావి మీద బెంగ. ఆ మాట ముగ్గురు విన్నారు. శత్రువుల దండులోగుండా చొరబడి నీళ్లు చేది తెచ్చారు. దావీదు ఆ నీళ్లు తాగలేదు, యెహోవా సన్నిధిని పారబోశాడు. అది ప్రాణాలకు తెగించిన మనుషుల రక్తంతో సమానమని అతనికి తోచింది. తన కోరిక వెల ఎవరు కట్టారో చూడగలిగాడు. తెచ్చినవారు చిన్నబుచ్చుకున్నారేమో అని కొందరు అడుగుతారు. మాకు అట్లా అనిపించదు. తమ ప్రాణానికి రాజు ఇంత విలువ కట్టాడని చూసినవారు చిన్నబుచ్చుకోరు.

బావి అంటే ఇంకొకటి చెప్పాలి. మన పాత నల్లగొండ జిల్లా నుండి వలసపోయి, ‘మా ఊరి బావి నీళ్ల తీపి ఎక్కడా లేదు’ అనేవారిని చాలామందిని చూశాము. ఆ బావులలో ఎన్నో ఫ్లోరైడు బావులు. పండ్లకు గార పట్టించి, ఎముకలు వంచినవి. తీపి మాత్రం నిజంగానే తీపి.

మళ్లీ అరణ్యానికి. ఇశ్రాయేలీయులు ఏడ్చింది తిండి లేక కాదు. మన్నా ఉంది. ఉదయాన్నే ఏరుకొని, తిరుగటిలో విసిరి లేక రోట దంచి, పెనం మీద కాల్చుకొని తినేవారు. అక్కడ కూడా ఆడవారికి ఇసుర్రాయి తప్పలేదు! తేనె కలిపిన అప్పంలాగా, కొత్త నూనె రుచిలాగా ఉండేదని లేఖనం చెబుతుంది. అయినా రోజూ అదే, అందుకని విసుగు పుట్టింది. మన్నా తప్ప మరేమీ కనబడటం లేదని అన్నారు. మాంసం అడిగితే పూరేళ్లు వచ్చాయి, వాటితో తెగులు వచ్చింది, చనిపోయినవారిని పాతిపెట్టిన చోటుకు ఆశ పేరు మీదనే కిబ్రోతు హత్తావా అని పేరు వచ్చింది.

ఆ విసుగు పుట్టించిన మన్నా సంగతి చివరకు ఏమైంది? నిర్గమకాండము 16లో ముందే ఒక ఆజ్ఞ ఉంది. ఒక ఓమెరు మన్నా, అంటే సుమారు రెండు లీటర్ల కొలత, పాత్రలో పోసి తరతరాలవారు చూడటానికి దాచిపెట్టమని. ఐగుప్తు ఉల్లిగడ్డ ఒక్కటి కూడా ఎవరూ దాచలేదు. దాచినది మన్నా. యెహోషువ 5వ అధ్యాయంలో, గిల్గాలులో, వారు కనాను దేశపు పంట తిన్న మరునాడే మన్నా ఆగిపోయింది. అరణ్యంలోనే పుట్టి, మన్నా తప్ప వేరే అమ్మ చేతి వంట ఎరుగని తరం అది. వారికి కనాను గోధుమ రొట్టె మొదటి ముద్దలో ఎట్లా ఉందో!

2025 మార్చి 30న, ఉగాది రోజున, మన జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే రేషను కార్డులకు సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు. మనిషికి నెలకు 6 కిలోలు. దానితో ఇన్నేళ్లుగా మనం గొణిగిన దొడ్డు బియ్యం రేషను షాపుల నుండి పోయింది. దొడ్డు బియ్యం మింగుడు పడదని, పశువులకు పెట్టామని, చవకగా అమ్ముకున్నామని చెప్పినవారు మన ఊళ్లలో ఎంతమంది! మొన్న ప్రార్థన అయిన తరువాత బయట అరుగు మీద ఇద్దరు అక్కలు మాట్లాడుకుంటుంటే విన్నాము.

“సన్నబియ్యం బాగనే ఉన్నయి గని, దోశెల పిండికి ఆ దొడ్డు బియ్యమే మంచిగుంటుండె.”

“అవునే. నాకు ఆ గంజి తాగబుద్ధైతున్నది.”